భోగి సాయంత్రం ఇంటిల్లిపాదీ కృతజ్ఞతలు చెప్పుకోవడం: మీ ఇళ్లలో ఉందా?

ఎంవీపీ నాన్నమ్మ

అందరికీ నమస్కారం. మన విశాఖ చర్చావేదికలో ఇన్నాళ్లూ వంటల విభాగంలోనే రాస్తూ వచ్చాను, ఈ విభాగానికి కొత్త. మా పెద్దబ్బాయి కుటుంబం ఈసారి సంక్రాంతికి డాలస్ నుంచి వస్తోంది. వాళ్లింట్లో నవంబరులో థాంక్స్‌గివింగ్ రోజున భోజనానికి కూర్చున్నాక, ఈ ఏడాది ఎవరి వల్ల ఏ మేలు జరిగిందో ఒక్కొక్కరూ చెబుతారట. మనవరాలికి ఆ అలవాటు బాగా పట్టింది. మొన్న ఫోనులో, "నాన్నమ్మా, భోగి రోజు మనింట్లో కూడా చేద్దాం. ముందు తాతయ్య చెప్పాలి" అంది.

తాతయ్యకు చెప్పాను. చదువుతున్న పేపరు దించకుండానే, "ఇంట్లోవాళ్లకు కృతజ్ఞతలేమిటి, ఇదేమైనా సన్మాన సభా? శాలువా కూడా తెప్పిస్తావా?" అన్నారు. ఆయన అంతే. కాఫీ బాగుంటే కప్పు ఖాళీ చేసి ఇస్తారు, బాగాలేకపోతే సగం వదిలేస్తారు. పెళ్లయిన నాటి నుంచి నాకు అందుతున్న సమాచారం అదే.

విజయనగరం నుంచి అమ్మాయి వాళ్లు, మరిది కుటుంబం, మా ఆడపడుచు, అందరూ వస్తారు. పిల్ల మనసు నొప్పించకూడదు, పెద్దవాళ్లను ఇరకాటంలో పెట్టకూడదు. మీ ఇళ్లలో ఎవరైనా ఇలాంటిది చేస్తున్నారా? ఎప్పుడు, ఎలా చేస్తారు?

పెందుర్తి మాస్టారు

అమ్మా, నా ఓటు మీ వారికే. కనుమ నాడు మా నాన్నగారు తెల్లవారకముందే ఎడ్లను చెరువుకు తోలుకెళ్లి కడిగేవారు. కొమ్ములకు రంగు, మెడలో గంటలు, నుదుట పసుపు కుంకుమ. ఆ రోజు వాటి మెడ మీద కాడి పెట్టేది లేదు. పొంగలి ముందు వాటి నోటికి, ఆ తర్వాతే మా విస్తట్లోకి. ఏడాది పొడుగునా దున్నినందుకు ఎద్దుకు చెప్పాల్సినదంతా నోరు విప్పకుండా ఆ ఒక్క పూటలో చెప్పేసేవారు. ఎద్దును ఎదురుగా నిలబెట్టి ఉపన్యాసం ఇవ్వలేదు.

ఆ మనిషి మా అమ్మతో "నువ్వు లేకపోతే ఈ ఇల్లు లేదు" అనగా నేను ఎన్నడూ వినలేదు. అనకపోయినా ఆవిడకు తెలుసు.

ముక్కుసూటి

మాస్టారూ, ఆవిడకు తెలుసని మీకెవరు చెప్పారు? అడిగారా?

పెందుర్తి మాస్టారు

అడగలేదు. ఆ రోజుల్లో అది అడిగే ప్రశ్న కాదు.

ముక్కుసూటి

అందుకే ఇప్పుడు తొమ్మిది పదేళ్ల పిల్ల అడుగుతోంది.

న్యూజెర్సీ తెలుగువాడు

పుట్టిందీ పెరిగిందీ మర్రిపాలెంలో, ఇప్పుడు ఉండేది ఎడిసన్‌లో. అమెరికాలో ఇది ఎలా జరుగుతుందో చూసినవాడిగా చెబుతాను. థాంక్స్‌గివింగ్ నవంబరు నాలుగో గురువారం వస్తుంది. 1863లో, అంతర్యుద్ధం నడుమ, లింకన్ దీన్ని దేశమంతా పాటించాలని ప్రకటన ఇచ్చాడు. నాలుగో గురువారం అని చట్టంలో ఖాయం చేసింది 1941లో. కెనడావాళ్లకు ఇది అక్టోబరు రెండో సోమవారం.

బల్ల చుట్టూ ఒక్కొక్కరూ చెప్పడం కొన్ని ఇళ్ల పద్ధతి మాత్రమే, అందరూ పాటించే నియమం కాదు. అక్కడి కుర్రకారు కూడా తమ వంతు రాగానే "అన్నిటికీ, అందరికీ" అని ముక్తసరిగా తేల్చేసి కంచంలోకి చూస్తారు. ఆ రోజులో ఎక్కువ భాగం టర్కీ కోడి, టీవీలో ఫుట్‌బాల్, తర్వాత కునుకు. మన ఇళ్లలో టర్కీ పక్కన గోంగూర మాంసం కూడా ఉంటుంది, ముందు ఖాళీ అయ్యేది అదే.

పిల్లలకు ఇది ఎక్కేది బడిలో. కాగితం మీద అరచెయ్యి పెట్టి చుట్టూ గీస్తారు. బొటనవేలు కోడి తల, మిగతా వేళ్లు ఈకలు. ఒక్కో ఈక మీద ఒక్కో పేరు, వాళ్లు చేసిన మేలు రాస్తారు. మా వాడు ఒక ఏడాది చిటికెన వేలి మీద స్కూలు బస్సు డ్రైవరు పేరు రాశాడు. మేము లేము! అడిగితే, "ఆయన నేను పరుగెత్తుకుంటూ వస్తుంటే ఆగుతాడు, మీరు ఆగరు" అన్నాడు. మీ మనవరాలు కూడా ఇలాంటిదేదో పట్టుకొస్తుంది, సిద్ధంగా ఉండండి.

వాల్తేరు చదువరి

పై మిత్రుడి సమాచారానికి ఒక చేర్పు. అక్కడి బళ్లలో ఈ పండుగకు మూలమంటూ 1621లో మసాచుసెట్స్‌లోని ప్లిమత్‌లో జరిగిన విందును, ఇంగ్లండు నుంచి వలస వచ్చినవాళ్లూ అక్కడి ఆదివాసులైన వాంపనోగ్ తెగవాళ్లూ కలిసి తిన్న ముచ్చటగా చెబుతారు. ఆ తర్వాత ఆ తెగల భూములకు ఏ గతి పట్టిందో తెలిసినవాళ్లు అదే గురువారం ప్లిమత్‌లో సంతాప దినం పాటిస్తారు. 1970 నుంచి అది సాగుతోంది. పండుగ చేసుకోవద్దని కాదు, పిల్ల కాస్త పెద్దయ్యాక రెండో వైపు కూడా చెప్పమంటున్నాను.

బురుజుపేట కోడలు

గురువారం అంటే గుర్తొచ్చింది. మన ఊరికి ఎప్పటి నుంచో ఒక లక్ష్మీవారం ఉంది కదండీ. మార్గశిర మాసం వచ్చిందంటే కనకమహాలక్ష్మి అమ్మవారి గుడి వీధిలో తెల్లవారుజాము నుంచే వరుసలు. కొన్ని ఏళ్లలో అమెరికావాళ్ల గురువారమూ మన మార్గశిర గురువారమూ ఒకే రోజు పడతాయి కూడా.

మా అత్తగారి పద్ధతి చెబుతాను. ఆ గుడిలో అమ్మవారికి గోపురం, పైకప్పు ఉండవు, ఎవరైనా దగ్గరికి వెళ్లి స్వయంగా పసుపు నీళ్లతో అభిషేకం చేసుకోవచ్చు. ఆవిడ చెంబుతో నీళ్లు పోస్తూ ఒక్కో పోతకు ఒక్కో పేరు పైకి అనేవారు. కాన్పు చేసిన డాక్టరమ్మ పేరు, చీటీ డబ్బులు ముందుగా ఇప్పించిన పక్కింటావిడ పేరు. కోరికలు చివర్లో, గొణుగుతూ. మొదట్లో నేను పక్కన నిలబడి సిగ్గుపడేదాన్ని, వెనక జనం తొందరపెడుతుంటారు కదా. ఒక ఏడాది నా పేరు కూడా వినిపించింది. ఆవిడకు జ్వరం వచ్చినప్పుడు నేను రాత్రంతా మేల్కొన్నానట. ఇంట్లో ఒక్కసారి కూడా ఆ మాట అనలేదు, గుడిలో అమ్మవారికి చెప్పారు, నేను పక్కనే ఉన్నానని తెలిసి మరీ.

మీ వారికి ఎదురుగా మొహం చూసి చెప్పడం కష్టమైతే ఇలా వేరెవరికో చెబుతున్నట్టు చెప్పమనండి.

అల్లిపురం వాసి

మాకు ఇది కొత్త కాదు. డిసెంబరు 31 రాత్రి చర్చిలో కృతజ్ఞతా కూడిక ఉంటుంది. పన్నెండు గంటలు కొట్టేలోపు సాక్ష్యాలు. లేచి నిలబడి ఈ ఏడాది దేవుడు ఏం చేశాడో చెప్పాలి. చిన్నప్పటి నుంచీ వింటున్నాను కాబట్టి ఒక మాట అనగలను. ముందే తయారై వచ్చినవాళ్లది పది నిమిషాలు సాగుతుంది, ఒక్కటీ గుర్తుండదు. మా పెద్దమ్మ ఒక సంవత్సరం లేచి, "ఆపరేషన్ అయ్యింది. అప్పు తీరలేదు గానీ అప్పిచ్చినాయన తొందరపెట్టలేదు. వందనాలు" అని కూర్చుంది. ఆ అప్పిచ్చినాయన రెండు వరుసల వెనకే ఉన్నాడు. ఆయన తల దించుకుని బైబిలు పేజీలు తిప్పడం మొదలుపెట్టాడు, ఏమీ వెతకడం లేదని అందరికీ తెలుసు.

పల్లె చర్చిల్లో అయితే కోతల పండుగ కూడా. మొదటి పంటలో ధాన్యం, కూరగాయలు, కోడిపుంజు తెచ్చి పెడతారు, ఆరాధన అయ్యాక వేలం. బజారులో ఎవరూ తిరిగి చూడని గుమ్మడికాయ అక్కడ ఎంత పలుకుతుందో చూడాలి.

ఇంట్లో చేసేటప్పుడు మా నాన్న పెట్టిన కట్టుబాటు ఒకటే: "దేవుడు మంచి ఆరోగ్యం ఇచ్చాడు" లాంటి మాట ఒప్పుకోరు. మనిషి పేరు, చేసిన పని, ఎప్పుడు చేశారు, ఇవి చెప్పాలి. లేదంటే వంతు దాటేయాలి.

ముక్కుసూటి

అందరూ మంచి మంచి ముచ్చట్లు చెబుతున్నారు, నేను కాస్త చేదు కలుపుతాను. మా బావగారు ఇలాంటిది మొదలుపెట్టారు, ఆఫీసులో ఏదో శిక్షణకు వెళ్లి వచ్చి. దీపావళి రాత్రి అందరూ సోఫాలో కూర్చుని మా వదినను ఆకాశానికెత్తారు. అన్నపూర్ణ అన్నారు, ఇంటి దీపం అన్నారు. ఆవిడ చేతులు కొంగుకు తుడుచుకుంటూ గుమ్మంలో నిలబడి విన్నారు. తర్వాత అందరూ మేడ మీదకు టపాకాయలు కాల్చడానికి వెళ్లారు. ఆ గిన్నెలన్నీ ఎవరు తోమారో వేరే చెప్పాలా? పొగడ్త ఎప్పుడూ పొయ్యి దగ్గర నిలబెట్టేందుకే పనికొస్తుందని ఆ రోజు నాకు అర్థమైంది.

నాన్నమ్మగారూ, పిండివంటలన్నీ ఆడవాళ్లతో చేయించి భోగి సాయంత్రం కృతజ్ఞతలు చెబుతామంటే మీ మనవరాలికి మీరు నేర్పేది ఏమిటో ఆలోచించండి.

చినవాల్తేరు చంద్రం

మా ఇంట్లో ఇలాంటివేవీ లేవు. బాగానే ఉన్నాం.

ఎంవీపీ నాన్నమ్మ

ఇన్ని జవాబులు వస్తాయనుకోలేదు. ముక్కుసూటి గారూ, మీ మాట చదివి మా అమ్మాయికి పంపాను. అది వెంటనే అన్నకు ఫోను చేసింది. అరిసెల దగ్గర పాకం చూసేది నేనే, అది ఇంకొకరికి అప్పగించను. అనకాపల్లి బెల్లం ఒక్కో దిమ్మ ఒక్కో తీరులో ఉంటుంది, ఉండపాకం తప్పితే అరిసె రాయిలా అవుతుంది. కానీ పిండి జల్లించడం, నూనెలోంచి తీసిన అరిసెలు చెక్కల మధ్య ఒత్తడం, ఆ రోజు గిన్నెలు, అన్నీ మగవాళ్లకు. మా అల్లుడుగారు అప్పుడే చేతులకు బొబ్బలు వస్తాయని బాధపడుతున్నారట.

మా వారు ఈ చర్చ మొత్తం నా చేత చదివించుకున్నారు. పెందుర్తి మాస్టారి రాతలు రెండుసార్లు.

రాత్రి డ్యూటీ

నేను నర్సును. ఇంట్లోవాళ్ల సంగతి సరే, బయటివాళ్ల సంగతి ఎవరూ ఎత్తలేదేమా అని రాస్తున్నాను. మా వార్డు నుంచి ఇంటికి వెళ్లేటప్పుడు జనం పెద్ద డాక్టరుగారి కాళ్లకు దండం పెడతారు, తప్పేమీ లేదు. రాత్రి మూడింటికి పక్క మార్చి, దుప్పటి మార్చి, నోట్లో చెంచాతో నీళ్లు పోసిన ఆయా పేరు వాళ్లకు తెలియదు. కొందరు తిరిగి వస్తారు. సంక్రాంతికి ముందు ఒక రైతు కుటుంబం చెరకు గడలు మోసుకుని వచ్చి వార్డు గుమ్మంలో నిలబడి, "ఎర్ర గాజులేసుకునే ఆవిడ ఎవరండీ, మా అమ్మకు జడ వేసింది" అని అడిగారు. జడ! మేమంతా ఆ రోగి ప్రాణం నిలబెట్టడంలో మునిగి ఉన్నాం, వాళ్లకు గుర్తున్నది జడ. మా ఆయా ఆ గడను ఇంటికి తీసుకెళ్లేటప్పుడు ఆటోలో పట్టక తల బయట పెట్టి కూర్చుంది.

పిల్లలతో చేయిస్తే ఒక్క బయటి మనిషి పేరైనా ఉండేలా చూడండి.

సీతమ్మధార ఫ్లాట్ నంబర్ లేదు

బయటివాళ్ల మాట వచ్చింది కాబట్టి మా అపార్ట్‌మెంటు సంగతి. హుద్‌హుద్ తుఫాను వచ్చింది 2014 అక్టోబరు 12, ఆదివారం. కిటికీ అద్దాలు ముందు హాల్లోకి, తర్వాత పడకగదిలోకి వచ్చిపడ్డాయి. మర్నాడు పొద్దున బయటికి వస్తే వీధి గుర్తుపట్టలేం, చెట్లన్నీ అడ్డంగా. కరెంటు లేదు, పంపు లేదు, ఫోను లేదు. మూడో అంతస్తువాళ్లకూ మాకూ కారు పార్కింగు గొడవతో మాటల్లేవు. ఆ వారం వాళ్ల గ్యాసు మీద మా అన్నం ఉడికింది, మా బిందెలతో వాళ్లింటికి నీళ్లు ఎక్కాయి.

కరెంటు పనికి పక్క జిల్లాల నుంచి, పక్క రాష్ట్రాల నుంచి కూడా మనుషులు వచ్చారు. మా వీధికి వచ్చిన జట్టు ఒరియా మాట్లాడేవాళ్లు. స్తంభాలు పాతి, తీగలు లాగి, మా మెట్ల మీదే నిద్రపోయారు. వెలుతురు వచ్చిన రాత్రి వీధంతా కేకలు పెట్టి చప్పట్లు కొట్టింది. అప్పటికి వాళ్లు సామాను లారీలో పెట్టుకుని పక్క వీధికి వెళ్లిపోయారు. పేర్లు కూడా అడగలేదు.

పదకొండు రోజులకే దీపావళి వచ్చింది. ఆ ఏడాది ఇంటికి ఇంత అని వేసుకుని, టపాకాయల డబ్బుతో మిఠాయి కొని దగ్గరలోని సబ్‌స్టేషన్‌లో ఇచ్చి వచ్చాం. ఆ ఒరియా జట్టు ఎక్కడ ఉందో తెలియదు, ఉన్నవాళ్లకు ఇచ్చాం. అప్పటి నుంచి ప్రతి దీపావళికీ అది సాగుతోంది. ఇప్పుడు ఫ్లాట్లలో సగం కొత్తవాళ్లు, ఎందుకు ఇస్తున్నామో తెలియకుండానే డబ్బులు ఇస్తారు. పార్కింగు గొడవ మళ్లీ మొదలైంది, అది వేరే విషయం.

ఉక్కునగరం సైకిలు

స్టీల్ ప్లాంటులో సెప్టెంబరు 17న విశ్వకర్మ పూజ చూసినవాళ్లకు ఇదంతా తెలిసిన సంగతే. మామూలు రోజుల్లో తిట్టుకుంటూ వాడే యంత్రానికి ఆ రోజు బొట్టు పెట్టి దండ వేస్తాం. ఇంట్లో మహర్నవమికి ఆయుధ పూజ. మా అమ్మ కుట్టుమిషను మీద గుడ్డ తీసి, నూనె వేసి, చక్రానికి పసుపు రాసి, ఆ మిషను నేర్పిన టీచరమ్మ పేరు తలుచుకునేది. నాన్న తన స్పానర్ల పెట్టెకు బొట్టు పెడుతూ, మొదటి ఉద్యోగంలో తనకు అక్షరాలా చెయ్యి పట్టి బోల్టు బిగించడం నేర్పిన ఫోర్‌మన్ పేరు చెప్పేవారు. వస్తువుకు పూజ, నేర్పినవాళ్లకు దండం.

నేను కంప్యూటరుకు బొట్టు పెడతాను. నేర్పినవాడి పేరు చెప్పాలంటే మా తమ్ముడి పేరు చెప్పాలి, వాడు ఎదురుగా నిలబడి ఇకిలిస్తుంటాడు. అయినా చెబుతాను.

మనస్తత్వం చదివే అమ్మాయి

ఆంధ్ర విశ్వవిద్యాలయంలో సైకాలజీ చదువుతున్నాను. ఈ విషయం మీద ఎమ్మన్స్, మెక్‌కలో అనే ఇద్దరు 2003లో ప్రచురించిన పరిశోధన పేరున్నది. అందులో ఒక ప్రయోగంలో విద్యార్థులను మూడు గుంపులు చేశారు. పది వారాల పాటు వారానికొకసారి ఒక గుంపు కృతజ్ఞత అనిపించిన అయిదు విషయాల దాకా రాయాలి, ఇంకొకటి చికాకు పెట్టిన విషయాలు, మూడోది ఊరికే జరిగిన సంగతులు. మొదటి గుంపువాళ్లకు తమ జీవితం మీద సంతృప్తి మిగతావాళ్లకన్నా ఎక్కువగా కనిపించింది.

కానీ వాళ్లలో ఎవరినీ భోగి సాయంత్రం బాబాయి, పిన్ని, బావల మధ్య నిలబెట్టి చెప్పించలేదు. వాళ్లు కాగితం మీద రాసుకున్నారు, అంతే. ఇక్కడ "చెప్పాలా వద్దా" అని వాదన జరుగుతోంది గానీ, అందరి ముందు చెప్పించడం, రాయించడం రెండూ ఒకటి కాదు. నా సలహా చీటీలు. పెద్దాయన రాస్తారు, ఇంకెవరో చదువుతారు. ఇష్టం లేనివాళ్లు ఖాళీ చీటీ వేస్తారు. ఎవరిది ఖాళీయో ఎవరికీ తెలియదు.

జాలారిపేట కుర్రాడు

మాకు ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా సముద్రంలో చేపల వేట నిషేధం, 61 రోజులు. చేపలు గుడ్లు పెట్టే కాలం. అది అయ్యాక బోటు మొదటిసారి కదిలే ముందు గంగమ్మకు పూజ. బోటుకు బొట్లు, కొబ్బరికాయ, పసుపు నీళ్లు. అందరికీ తెలిసింది ఇదే. మా తాత ఇంకొకటి చేసేవాడు. మొదటి వేట చేపల్లో వాటాలు వేసేటప్పుడు, సముద్రంలో పోయిన తన జతగాడి ఇంటికి ఒక వాటా తీసేవాడు. ఆ జతగాడి కొడుకులకు ఇప్పుడు సొంత బోటు ఉంది. అయినా మా నాన్న ఆ వాటా పంపుతాడు, వాళ్లు తీసుకుంటారు, మరునాడు వాళ్ల బోటు నుంచి మాకు వస్తుంది. లెక్క చూస్తే ఎవరికీ ఏమీ మిగలదు. ఆపుదామని మాత్రం ఇంతవరకు ఎవరూ అనలేదు.

మురళీనగర్ మౌనం

చదువుతూ ఉన్నాను, రాయాలా వద్దా అనుకుంటూ. మా నాన్నగారు శ్రావణంలో పోయారు. ఈ ఏడాది మాకు పండుగ లేదు. బంధువులు సంక్రాంతికి వాళ్లింటికి రమ్మంటున్నారు, అక్కడ ఇలాంటి కృతజ్ఞతల కార్యక్రమం ఉంటుందని కూడా చెప్పారు. నా వంతు వస్తే ఏం చెప్పాలి? ఆయనను చూసుకున్నవాళ్లకు కృతజ్ఞత ఉంది, చాలా ఉంది. ఆ మాట నోటితో అంటే గొంతు పెగలదు, అందరూ భోజనాలు ఆపేస్తారు. వెళ్లకుండా ఉంటేనే మంచిదేమో.

పెందుర్తి మాస్టారు

బాబూ, లేదా అమ్మా, ఎవరైనా సరే. వెళ్లండి, మీ వంతు దాటేయండి. ఎవరైనా గుచ్చి గుచ్చి అడిగితే నా పేరు చెప్పండి, పెందుర్తి నుంచి వచ్చి మాట్లాడతాను.

మన వైపు సంక్రాంతి నాడు పెద్దలకు పెట్టుకోవడం ఉంది కదా. ఆయన పటం ముందు కొత్త పంచె, ఆయనకు ఇష్టమైన వంటకం. ఏటిసూతకంలో మీ ఇంటి ఆచారం ఎలాగో మీ పురోహితుణ్ణి అడగండి, ఇంటింటికీ తేడా ఉంటుంది. ఎప్పుడు పెట్టినా అక్కడ మాట అక్కర్లేదు, ఆ పంచె అంచు ఏ రంగుదో ఎంచుకునేటప్పుడే చెప్పాల్సినది చెప్పేస్తారు.

మురళీనగర్ మౌనం

ఆయనకు ఆకుపచ్చ అంచు ఇష్టం. నమస్కారం మాస్టారూ.

ఎంవీపీ నాన్నమ్మ

మా ఆడపడుచు భర్త పోయి రెండో సంక్రాంతి ఇది. ఆవిడ ముందు వంతులు పెట్టి చెప్పించడం నాకు ఇష్టం లేదు, కాబట్టి చీటీలే ఖాయం చేశాం. భోగి మంట దగ్గర పొద్దున అందరూ నిద్రమొహాలతో ఉంటారు, అప్పుడు వద్దు. సాయంత్రం చిన్న మనవడికి భోగిపళ్లు పోయాలి. రేగుపళ్లు, చెరకు ముక్కలు, నానబెట్టిన శనగలు, చిల్లర నాణేలు, బంతిపూల రేకులు కలిపే పళ్లెం పక్కనే ఇత్తడి చెంబు పెడతాను. పొద్దుటి నుంచి ఎవరికి తోచినప్పుడు వాళ్లు చీటీ రాసి అందులో వేస్తారు. పేరంటాళ్లు వెళ్లాక మనవరాలు ఒక్కొక్కటే తీసి చదువుతుంది. అల్లిపురం వారి నాన్నగారి కట్టుబాటు నచ్చింది: మనిషి, పని, ఎప్పుడు.

బయటివాళ్ల పేరున్న చీటీలు విడిగా తీసి, ఆ మనిషికి సంక్రాంతి అరిసెలతో పాటు అందజేస్తాం. మా ఇంట్లో పనికి వచ్చే ఆవిడకు ఏటా ఇచ్చే చీర, జీతం మీద పండుగ డబ్బు ఎలాగూ ఉంటాయి, చీటీ వాటికి బదులు కాదు. ముక్కుసూటి గారు అడగకముందే చెబుతున్నాను.

మా వారు రెండు షరతులు పెట్టారు. ఎవరూ చప్పట్లు కొట్టకూడదు, ఫోనులో వీడియో తీయకూడదు. తన చీటీ తెలుగులోనే ఉంటుంది, చదవడం రాకపోతే పిల్ల నేర్చుకుని రావాలట. డాలస్‌లో రాత్రి పడుకునే ముందు అక్షరాలు దిద్దుతోంది, ళ దగ్గర ఆగింది.

ముక్కుసూటి

అడగబోతున్నాను, మీరే చెప్పేశారు. అల్లుడుగారి బొబ్బలకు కొబ్బరినూనె రాయమనండి.

బురుజుపేట కోడలు

ఒక సందేహం. మా అత్తగారి లాంటివాళ్లు రాయలేరు కదా. పిల్లల చేత రాయిస్తే గుట్టు ఉండదు. వాళ్ల సంగతి?

మనస్తత్వం చదివే అమ్మాయి

వాళ్లను రాయమనకూడదు. మీ అత్తగారి పద్ధతి మీరే చెప్పారు కదా, చెంబు నీళ్లకో పేరు. భోగిపళ్లు పోసేటప్పుడు గుప్పెడుకో పేరు అనమనండి. ఆ గోలలో వినాల్సినవాళ్లకే వినిపిస్తుంది.

న్యూజెర్సీ తెలుగువాడు

మా ఇంట్లో వచ్చే ఏడాది ఆ చెంబు పద్ధతే పెడతాను. బస్సు డ్రైవరుకు చీటీ ఇస్తే వాడికి తెలుగు రాదు, అది చూసుకోవాలి.

చినవాల్తేరు చంద్రం

పైన మా ఇంట్లో ఇలాంటివేవీ లేవని రాశాను. మా ఆవిడ చదివింది. చెంబు కొనాలట. పూర్ణా మార్కెట్‌లో ఇత్తడి సామాను ఎవరి దగ్గర బాగుంటుంది?

ఎంవీపీ నాన్నమ్మ

(ఇది రాయిస్తున్నది మా వారు.) పెందుర్తి మాస్టారికి నమస్కారాలు. మీరు భోగి పొద్దున మా ఇంటికి రావాలి. మంట వేసేది నేనే, కాఫీ మా ఆవిడది, బాగుంటుంది. ఇల్లు ఉషోదయ కూడలి నుంచి దగ్గరే, మిగతా వివరాలు విడిగా సందేశం పంపుతాను. ఒక సహాయం కావాలి. మనవడికి భోగిపిడకల దండ వెయ్యాలి. ఆన్‌లైన్‌లో వచ్చినవి చూశాను, బిస్కెట్లలా ఉన్నాయి, వాసనే లేదు. పెందుర్తి వైపు ఆవులున్న ఇళ్లలో ఎవరైనా చేతితో చేసి ఇస్తారా?

పెందుర్తి మాస్టారు

తప్పకుండా వస్తాను. పిడకలు నేనే తెస్తాను, మా వీధిలో చేసే ముసలమ్మ ఉంది. ఎన్ని కావాలో, మధ్యలో చిల్లు పెద్దదా చిన్నదా చెప్పండి.

నిర్వాహకులు

భోగిపిడకల కోసం పండుగ సామాను విభాగంలో వేరే చర్చ నడుస్తోంది. చిల్లు కొలతలు దయచేసి అక్కడ రాయగలరు. ఇత్తడి చెంబులు కూడా.